అవ్వ పెట్టెలో మూడు పీలికలు

పుంగనూరులో ఒక అవ్వ ఉండేది. ఆమెకు ముగ్గురు బిడ్డలు. పెద్దకొడుకు మదనపల్లెలో మగ్గం వేసుకుని పట్టుచీరలు నేసేవాడు. కూతుర్ని కుప్పంలో ఇచ్చింది. అల్లుడికి రైల్వే స్టేషను దగ్గర అంగడి. చిన్నకొడుకు తల్లితోపాటే ఉండి, ఊరి పేరు మోసే పొట్టి ఆవులు నాలుగింటిని సాకుతూ ఇంటింటికీ పాలు పోసేవాడు. ఒక ఏడు కార్తీకంలో, పున్నమికి కాస్త అటూ ఇటూగా, మూడిళ్ళలోనూ ఉయ్యాలలు ఊగాయి. మదనపల్లెలో మగపిల్లాడు, కుప్పంలో మగపిల్లాడు, పుంగనూరులో ఆడపిల్ల.

అవ్వ ముగ్గుర్నీ ఎత్తుకుని ముద్దాడింది. ఒక్కొక్కరి పొత్తిగుడ్డ అంచు చించి ఒక్కో పీలిక తెచ్చుకుంది. అన్నీ పాత తెల్లచీరల గుడ్డలే. గుర్తుండడానికి పెద్దకొడుకు బిడ్డ పీలికకు ఒక ముడి, కూతురి బిడ్డ పీలికకు రెండు, చిన్నకొడుకు బిడ్డ పీలికకు మూడు ముడులు వేసి దాచింది.

సంక్రాంతి దాటాక ఎరుక చెప్పే అమ్మ వీధిలోకి వచ్చింది. అవ్వ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, చేటెడు బియ్యం పోసి, పీలికలు ముందర పరిచింది. “మనవళ్ళ గుణం ఎట్లుంటాదో చెప్పు తల్లీ. ఇప్పుడే తెలిస్తే ఆ ప్రకారం పెంచుకుంటాం” అంది.

ఆమె కళ్ళు మూసుకుని ఒక పీలిక తీసి కుంకుమ అద్దింది. “ఈ బిడ్డ ముక్కోపి. నోటికంటే చెయ్యి ముందు లేస్తాది. చిన్నప్పుడే వంచాల.” రెండోది తీసి పసుపు రాసింది. “ఈ బిడ్డ పదిమందికి పెద్ద. ఈ మాటకు ఊరు తలొగ్గుతాది. అడ్డం పడొద్దు.” మూడోదానికి బొగ్గు పూసింది. “ఈ బిడ్డ పిరికి. నలుగుర్లో నిలబడలేదు. కొంగు చాటున పెట్టుకుని కాపాడుకోవాల.”

తాను పరిచిన వరసలోనే ఆమె తీసిందనుకుంది అవ్వ. ముడులు తడిమి చూడలేదు. మదనపల్లెకు, కుప్పానికి కబురు పంపింది. పీలికల్ని మడిచి పెట్టె అడుగున పెట్టింది.

మదనపల్లె పిల్లాడు పుట్టుకతోనే నిదానం. కొత్త మనిషి వస్తే గంటసేపు కళ్ళప్పగించి చూసేవాడు. తర్వాత మెల్లగా దగ్గరికి చేరేవాడు. కొత్త అన్నం ముద్ద పెడితే ముందు ఉమ్మేసి, మూడోసారికి తినేవాడు. ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలా సేపు పట్టేది. వేరే ఇంట్లో అయితే ‘వీడు ఆలోచన మనిషి’ అని ఊరుకునేవాళ్ళేమో. ఈ ఇంట్లో ఆ మౌనం చూసి తల్లిదండ్రులకు గుబులు పుట్టేది. లోపల కోపం కాగుతోందనుకునేవాళ్ళు. చేతికి కర్ర అందనిచ్చేవాళ్ళు కాదు. వీధిలో గోలీల దగ్గర నిలబడితే లాక్కొచ్చేవాళ్ళు. తొమ్మిదో ఏట వాడు కండెలు చుడుతుంటే, చెల్లెలు తెంపిన జరీపోగు వాడి మీద పడింది. “నేను కాదు” అని ఒకసారి చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. ఎవరూ వినలేదు. చేతిలోని నాడె గోడకు విసిరికొట్టాడు. “చెప్పలా? ఎరుకలమ్మ ఆ పొద్దే చెప్పింది” అని తండ్రి నిట్టూర్చాడు. పిల్లాడు ఆ రాత్రి తన చేతుల కేసి చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నిజంగానే అప్పుడప్పుడూ వస్తువులు విసరడం మొదలుపెట్టాడు.

పుంగనూరు పాప పాకే వయసులోనే ఆవు పొట్ట కిందినుంచి అటు దూరి ఇటు తేలింది. చూసినవాళ్ళు కెవ్వుమని అరిచారు. పాప ఏడ్చింది, ఆవును చూసి కాదు, వాళ్ళ కేక విని. “దడుచుకునింది, పిరికి బిడ్డ” అని దిష్టి తీశారు. చీకటి పడితే గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. సుగుటూరు గంగమ్మ జాతరకు ఊరంతా కదిలితే పాపను మాత్రం కిటికీలోంచి చూడమనేవాళ్ళు. బడిలో పద్యం చెప్పమంటే వాళ్ళమ్మ వచ్చి, “అది నలుగుర్లో చెప్పలేదు సార్” అని తప్పించేది. ఎనిమిదేళ్ళకు పాప నిజంగానే చెప్పలేకపోయింది. కానీ ఒక వాన రాత్రి తొలిచూలు ఆవు ఈనలేక అరుస్తుంటే, తండ్రి లాంతరు వెతికేలోగా పాప కొట్టంలోకి పోయి, దూడ ముందరికాళ్ళు పట్టుకుని, ఆవుతో మాట్లాడుతూ నిలబడింది. ఆ సంగతి మర్నాడు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వాళ్ళు నమ్మిన గుణానికి అది పొసగలేదు మరి.

కుప్పం పిల్లాడిది కుదురులేని ఒళ్ళు, పట్టరాని రోషం. ఆకలైతే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. నాలుగేళ్ళకే ఎదురింటివాణ్ణి కొట్టి వచ్చాడు. “పదిమందికి పెద్దయ్యేవాడికి ఆ మాత్రం రోషం ఉండొద్దా?” అన్నాడు తండ్రి. అంగట్లో గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. రైలు దిగి వచ్చేవాళ్ళతో అరవంలో, సంతకు వచ్చేవాళ్ళతో కన్నడంలో, ఇంట్లో తెలుగులో మాట్లాడుతూ వాడు ఆరేళ్ళకే మూడు భాషల్లో బేరం చేశాడు. వీధి పిల్లల తగవులు తీర్చమని పెద్దలే వాడి దగ్గరికి పంపేవాళ్ళు. తీర్చాలంటే ఇద్దరి మాటా వినాలి కాబట్టి వినడం నేర్చుకున్నాడు. కొట్టడం తగ్గింది. అంతా మేలే జరిగిందనుకుంటాం గానీ, వాడికి ఓడిపోవడం రాలేదు. లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే స్టేషను వెనక చింతచెట్టు కింద ఒంటరిగా కూర్చుని ఏడ్చేవాడు. పదిమందికి పెద్ద కావలసినవాడు ఏడవకూడదు కదా. కళ్ళు తుడుచుకుని, నీళ్ళు చల్లుకుని ఇంటికి పోయేవాడు.

పన్నెండేళ్ళు గడిచాయి. జాతరకు అందరూ పుంగనూరులో కలిశారు. అమ్మవారికి పెట్టడానికి పట్టుగుడ్డ కోసం పెట్టె తీసిన అవ్వ చేతికి అడుగున పీలికలు తగిలాయి. వెలుగులోకి తెచ్చి చూసింది. కుంకుమ అంటిన పీలికకు రెండు ముడులున్నాయి. పసుపు రాసినదానికి మూడు. బొగ్గు మరక ఉన్నదానికి ఒకే ఒక్కటి.

అవ్వకు గుండె ఆగినంత పనైంది. దాచే మనిషి కాదు. భోజనాల దగ్గర అందరికీ చెప్పేసింది.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దకొడుకు తొడ చరుచుకున్నాడు. “అట్లయితే వీడిది కోపం కాదు, భయం! అందుకే నోరు తెరవడు. నాడె విసిరింది కూడా భయంతోనే, ఇప్పుడు తెలిసింది.” చిన్నకోడలు కళ్ళు మెరిశాయి. “మా పాప పెద్దరికం నేను ముందే చూసినానత్తా. ఆవు ఈనిన రాత్రి గుర్తుండాదా?” కుప్పం అల్లుడి ముఖం ముడుచుకుంది. “వీడు ముక్కోపి అని నాకెప్పుడూ లోపల అనుమానమే. నాలుగేళ్ళకే ఎదురింటి పిల్లోణ్ణి కొట్టలా?”

విస్తళ్ళు ఎత్తేలోగా పన్నెండేళ్ళ లెక్కంతా తిరగరాసేశారు. అవే పనులు, అవే రోజులు, అదే నాడె, అదే ఆవు. నిన్నటిదాకా ఒక గుణానికి సాక్ష్యం చెప్పినవన్నీ ఇప్పుడు ఇంకో గుణానికి సాక్ష్యం చెబుతున్నాయి.

అవ్వ అందరి మాటా విని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. “గమ్మునుండండి” అంది. “రేయ్ పెద్దోడా, నీ కొడుకు ఈ పొద్దు లేచినాక మొదట ఏం జేసినాడు?”

పెద్దకొడుకు పెళ్ళాం వైపు చూశాడు. ఆమె నేల చూసింది.

“అల్లుడూ, నీ బిడ్డ కడాసారి ఎప్పుడు ఏడ్చినాడు నాయనా?”

“వాడు ఏడవడత్తా.”

అరుగు మీదినుంచి పాప అంది: “మదనపల్లె అన్న లేస్తానే కొట్టంలోకి వచ్చినాడవ్వా. మా నాయన పలుపు పేనతా ఉంటే చూసినాడు. చానాసేపు చూసినాడు. మళ్ళ తానూ ఒకటి పేనినాడు. మా నాయన పేనినదానికంటే బాగుండాది.”

అంతమంది పెద్దల్లో ఆ పలుపును చూసినవాళ్ళు లేరు.

“నేను చేసిన తప్పు పీలికలు తారుమారు కావడం అనుకున్నా” అంది అవ్వ. “అది కాదు. ఆ పొద్దు చెప్పింది సరిపోయింది, ఈ పొద్దు చెప్పిందీ సరిపోయింది. రెండూ సరిపోయినాయంటే రెండిట్లోనూ బిడ్డ లేడని.”

కుప్పం పిల్లాడు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “అవ్వా, అయితే నేనిప్పుడు కోపంగా ఉండాలా?”

“నాకు తెలీదు నాయనా” అంది అవ్వ. “ఇట్లా దగ్గరికి రా. చూస్తా.”

నీతి

బిడ్డ గుణం ఇదీ అని తేల్చేసిన పెద్దలు ఆనాటి నుంచి బిడ్డను చూడడం మానేస్తారు. వాళ్ళు తేల్చిన మాట మాత్రం ఊరుకోదు, బిడ్డ గుణంలో కలిసిపోతుంది.

మన పుస్తకాల అంగళ్ళలో వ్యక్తిత్వ వికాసం పేరుతో అమ్మేవాటిలో చాలాభాగం గెలుపు సూత్రాలు. మనస్తత్వ శాస్త్రం ఈ మాట కింద అడిగే ప్రశ్న వేరు: ఒక మనిషి ఇలాగే ఎందుకు ఉన్నాడు, ఎప్పటినుంచి ఉన్నాడు, ఎంతవరకు మారగలడు? మూడు పీలికల కథ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే. అవ్వ ఇంట్లో జరిగింది, ఏ గుణం చెప్పినా సరిపోయినట్టే అనిపించడం, ప్రయోగంలోనూ తేలిన సంగతే. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్ళకంటూ ఒక్కో కాగితం ఇచ్చాడు. నీ గుణాన్ని ఇది ఎంత బాగా పట్టుకుందో 5కు మార్కులు వెయ్యి అన్నాడు. సగటున 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే రాత. అందులో వాక్యాలు చాలావరకు వీధి దుకాణంలో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి.

అలాగని పిల్లలు ఏమీ తీసుకురాకుండా పుడతారని ఈ కథ చెప్పడం లేదు. కుప్పం పిల్లాడి ఏడుపు వాడు వెంట తెచ్చుకున్నదే, మదనపల్లె పిల్లాడి నిదానమూ అంతే. చాలాకాలం మనస్తత్వవేత్తలు దీన్ని తల్లిదండ్రుల మీదికి తోసేశారు. తొలి ఐదారేళ్ళలో ఇంట్లో జరిగినదే మనిషికి పునాది అని ఫ్రాయిడ్ అన్నాడు. శిక్షణ మన చేతిలో ఉంటే ఏ పసివాణ్ణయినా ఏ మనిషిగానైనా మలచవచ్చని వాట్సన్ అన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు పొసగని మనుషులే గానీ, ఇద్దరి లెక్కలోనూ తల్లి ముద్దాయిగానే నిలబడింది. ఆ బరువు దించినవాళ్ళు అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే భార్యాభర్తలు. 1956లో న్యూయార్కులో మొదలుపెట్టి 133 మంది పిల్లల్ని పసితనం నుంచి పెద్దవాళ్ళయ్యేదాకా గమనించారు. నెలల వయసులోనే తేడాలు కనిపించాయి. నూటికి సుమారు 40 మంది సులువుగా కుదురుకునేవాళ్ళు. ఓ 10 మంది సాకడం కష్టమనిపించేవాళ్ళు. ఓ 15 మంది కొత్తను చూసి ముందు వెనక్కి తగ్గి, తర్వాత మెల్లగా కలిసేవాళ్ళు. మిగిలిన 35 మంది ఏ గుంపులోనూ ఇమడనివాళ్ళు. ఈ చివరి అంకెను మాత్రం చాలా పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో దాటేస్తాయి. మూడింట ఒకవంతు కంటే ఎక్కువమంది బిడ్డలకు ఏ పేరూ అతకలేదని, ఆ విభజన చేసినవాళ్ళే చెప్పారు.

వాళ్ళు కనిపెట్టిన అసలు సంగతి దీనికంటే పెద్దది. సులువైన బిడ్డ బాగుపడతాడు, కష్టమైన బిడ్డ చెడిపోతాడు అని తేలలేదు. బిడ్డ స్వభావానికీ, ఇల్లు కోరేదానికీ పొత్తు కుదిరిందా లేదా అన్నదే తర్వాతి జీవితాన్ని ఎక్కువగా నడిపింది. కథలోని మదనపల్లె పిల్లాడు వచ్చి కూర్చోవలసిన చోటు మగ్గమే. ఓపిగ్గా చూడడం, తొందర లేకుండా చెయ్యడం అక్కడ కావలసిన గుణాలు. పొత్తు కుదరవలసిన ఇంట్లోనే కుదరలేదు, ఎందుకంటే ఇంట్లోవాళ్ళ కళ్ళ ముందు వాడి బదులు ఎరుకలమ్మ మాట కూర్చుంది.

పొత్తు ఎంతవరకు పోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ నన్ను వదలదు. 1970ల్లో మార్టెన్ డెవ్రీస్ అనే పరిశోధకుడు కెన్యాలోని మాసాయి పశువుల కాపరుల మధ్య పసిపిల్లల్ని పరిశీలించి, ఎవరు సులువు, ఎవరు కష్టం అని గుర్తించి వచ్చాడు. తర్వాత ఆ ప్రాంతాన్ని ఘోరమైన కరువు కమ్మింది. మళ్ళీ వెతికి పట్టుకోగలిగిన కుటుంబాల్లో, సులువైన బిడ్డలు ఎక్కువమంది చనిపోయారు. గొంతు చించుకుని ఏడ్చే బిడ్డలు ఒక్కరు తప్ప అందరూ బతికారు. లెక్కకు చాలా చిన్న గుంపు అది, దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టలేం. అయినా పాలు చాలని చోట, ఎక్కువ ఏడ్చినవాడికే ముందు పాలు దక్కుతాయని తల్లులకు తెలుసు. న్యూయార్కు డాక్టరు చీటీలో లోపంగా రాసుకునే గుణం, ఆ కరువులో ప్రాణం నిలబెట్టింది.

మరి పెద్దల మాట నిజంగా బిడ్డలో కలుస్తుందా? 1968లో రోజెంతాల్, జేకబ్‌సన్ అనే పరిశోధకులు వెలువరించిన పుస్తకం దీని మీదే. కాలిఫోర్నియాలో ఒక ప్రాథమిక బడిలో, ఈ ఏడు ఫలానా పిల్లలు బాగా వికసిస్తారని పరీక్షలో తేలిందంటూ టీచర్లకు పేర్లిచ్చారు. ఆ పేర్లు ఊరికే చీటీలు తీసినట్టు ఎంచినవి. ఏడాది చివర ఆ పిల్లల్లో, ముఖ్యంగా చిన్న తరగతుల్లో, తెలివితేటల మార్కులు ఎక్కువ పెరిగాయి. తర్వాత వచ్చినవాళ్ళు దీన్ని గట్టిగా విమర్శించారు. ఆ ప్రభావం మొదట చెప్పినంత పెద్దది కాదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. ఒక టీచరు ఒక ఏడు అనుకున్నది కొంచెమే మారుస్తుందనుకుందాం. తల్లీ తండ్రీ అవ్వా పన్నెండేళ్ళపాటు రోజూ అనుకున్నది? కవలల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు, వ్యక్తిత్వంలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో సుమారు సగం పుట్టుకతో వచ్చే జన్యువుల నుంచి వస్తుందని చెబుతున్నాయి. మిగతా సగం మన ముందు తెరిచే ఉంది.

ఇదంతా దూరదేశాల ముచ్చట అనుకోనక్కర్లేదు. మదనపల్లె ఊళ్ళోనే ఇలాంటి నిజమైన కథ ఒకటి పుట్టింది. 1895 మేలో అక్కడ రెవెన్యూ ఉద్యోగి జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదో కాన్పులో కొడుకు పుట్టాడు. ఎనిమిదోవాడు కనుక కృష్ణమూర్తి అని పేరు పెట్టారు. మలేరియాతో చిక్కిన ఒళ్ళు, ఎటో చూస్తూ ఉండిపోయే చూపు. బడిలో పాఠం ఎక్కేది కాదు. మొద్దు అని టీచర్లు కొట్టేవాళ్ళు. పదేళ్ళకే తల్లి పోయింది. 1909 జనవరిలో తండ్రి పిల్లల్ని తీసుకుని మద్రాసులో అడయారు దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. అక్కడ హోంవర్కులో సాయం చేసిన ఎర్నెస్ట్ వుడ్ కూడా ఈ పిల్లాడు మందబుద్ధి అనే అనుకున్నాడు. ఆ ఏడే సముద్రపు ఒడ్డున లెడ్‌బీటర్ అనే దివ్యజ్ఞాన నాయకుడు ఇదే పిల్లాణ్ణి చూసి, స్వార్థం అణువంతైనా లేని తేజస్సు వీడిదన్నాడు. లోకానికి రాబోయే జగద్గురువు వీడిలోకే వస్తాడని తీర్మానించారు.

ఈ రెండు తీర్పులూ నడిచింది ఒకే మౌనం మీద, ఒకే శూన్యపు చూపు మీద. బడిలో అది తెలివి లేకపోవడమైంది, సముద్రపు ఒడ్డున అది స్వార్థం లేకపోవడమైంది. అంతలోనే పీలిక మారింది. 1911లో ఆ పిల్లాడి కోసం ఒక అంతర్జాతీయ సంఘమే పెట్టారు. పిల్లల్ని తిరిగి ఇప్పించమని తండ్రి కోర్టుకెక్కితే, ఆ వ్యాజ్యం మద్రాసు హైకోర్టు దాటి లండన్ ప్రీవీ కౌన్సిల్‌దాకా పోయింది. 1914లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబెసెంట్ గెలిచింది. ఇంగ్లండులో చదివించారు. పరీక్షలు తప్పాడు. వేలమంది ఎదురుచూస్తుంటే నడిచాడు. 1925లో, ప్రాణంలా చూసుకున్న తమ్ముడు నిత్యానంద క్షయతో చనిపోయాడు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో సుమారు 3,000 మంది సభ్యుల ఎదుట, తానే అధిపతిగా ఉన్న ఆ సంఘాన్ని రద్దు చేస్తున్నానని 34 ఏళ్ళ కృష్ణమూర్తి ప్రకటించాడు.

మొద్దు అన్న పేరును వదిలించుకోవడం కంటే జగద్గురువు అన్న పేరును వదిలించుకోవడం కష్టం. కుప్పం పిల్లాడి చింతచెట్టు అందుకే కథలో ఉంది. మంచి పేరు బిడ్డకు మేలే చేస్తుందని మనం గట్టిగా నమ్ముతాం. చాలాసార్లు చేస్తుంది కూడా. కానీ ‘మా వాడు బంగారం, ఎదురు చెప్పడు’ అని పదిమందిలో పొగడ్త విన్న పిల్లాడు, ఎదురు చెప్పాల్సిన రోజున ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోవడం మన ఇళ్ళలో జరిగే సంగతే. ఇంజనీరింగు సీటు కోసం ఎనిమిదో తరగతి నుంచే ‘ర్యాంకరు’ అని పిలిపించుకునే పిల్లల గురించి నాకు భయమేస్తుంది. వాళ్ళు ఏడవడానికి చోటు ఎక్కడుంది?

పుంగనూరు పాప విషయం ఇంకొకటి నేర్పుతుంది. బడిలో పద్యం చెప్పలేని పిల్ల కొట్టంలో ఎలా నిలబడింది? ఇందులో ఏది ఆమె అసలు గుణం? 1968లోనే వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త ఇలా అడగడంలోనే పొరపాటుందన్నాడు. ఫలానా గుణం ఎంతుందో పరీక్షలో కొలిచి, ఒక సందర్భంలో ఆ మనిషి ఏం చేస్తాడో ఊహించబోతే చాలా తక్కువే తెలుస్తుందని పాత పరిశోధనలన్నీ కలబోసి చూపించాడు. తర్వాతి ఏళ్ళలో అతను చెప్పింది ఇది: మనిషి గుర్తు ఒకే గుణం అన్నిచోట్లా ఉండడంలో లేదు, ఇలాంటి చోట ఇలా, అలాంటి చోట అలా ఉండే వాటంలో ఉంది. పాప పిరికీ కాదు, ధీరా కాదు. మనుషుల చూపులు తన మీద ఉన్నప్పుడు ముడుచుకుంటుంది, ఒక ప్రాణి తన మీద ఆధారపడినప్పుడు విచ్చుకుంటుంది. ఇది తెలియాలంటే తల్లి ఆమెను రెండు చోట్లా చూసి ఉండాలి.

పన్నెండేళ్ళు పోయాయి కదా, ఇక ఏం లాభం అని ఆ తల్లిదండ్రులు అనుకుంటే తొందరపడినట్టే. ముప్పై దాటితే మనిషి గుణం సున్నంలా గట్టిపడుతుందని ఒకప్పుడు అనేవాళ్ళు. 2006లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం ఏళ్ళ తరబడి మనుషుల్ని వెంబడించిన 92 పరిశోధనల్ని కలిపి చూసింది. ఇరవై నుంచి నలభై లోపు వయసులో మనుషుల్లో బాధ్యత, మనసు నిబ్బరం బాగా పెరుగుతున్నాయని తేలింది. ఎరిక్‌సన్ అనే మనస్తత్వవేత్త అంతకు చాలా ముందే, 1950లో, మనిషి ఎదుగుదలను ఎనిమిది దశలుగా చెప్పి చివరి దశను ముసలితనంలో పెట్టాడు. కథలోని అవ్వ ఆ వయసులోనే తన అలవాటు మార్చుకుంది.

ఇందులో బడి చెయ్యగలిగిన పని ఒకటుంది, దాని నమూనా కూడా ఇక్కడే ఉంది. కృష్ణమూర్తి ఆలోచనతో మదనపల్లె దగ్గర పెరిగిన రిషి వ్యాలీ విద్యాసంస్థ, చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు, అన్ని వయసుల పిల్లలు ఉండే చిన్న బడులు నడిపింది. 1980ల నుంచి అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెనలా పేర్చారు. పిల్ల తన వేగంతో ఒక్కో మెట్టు ఎక్కుతుంది. వేరుశనగ పీకే రోజుల్లో బడికి రాకపోతే, తిరిగొచ్చాక ఆగిన మెట్టు దగ్గరే మళ్ళీ మొదలుపెడుతుంది. తరగతితో పోల్చి వెనకబడిందని ఎవరూ రాయరు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ దారి పట్టాయి, తర్వాత తమిళనాడు అంతా తీసుకుంది.

ఈ పద్ధతిలో టీచరుకు తప్పనిసరిగా తెలియాల్సింది పిల్ల ఈ పొద్దు ఏ కార్డు దగ్గర ఉందన్నది. తెలివైనదా, మొద్దా అన్న ప్రశ్న రాదు. ప్రోగ్రెస్ రిపోర్టులో చివర ఒక చిన్న గడి ఉంటుంది, టీచరు అభిప్రాయం రాయడానికి. పుంగనూరు, కుప్పం, మదనపల్లె బడుల్లోనూ ఆ గడిలో ‘సిగ్గరి’, ‘అల్లరి’, ‘చురుకు’ అని రాసి పంపుతుంటారు. అదే గడిలో ‘జూన్‌లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆగస్టు నుంచి పక్కపిల్లతో కలిసి లెక్కలు చేస్తోంది. జంతువుల పాఠం రోజున తనంతట తాను లేచి మాట్లాడింది’ అని రాయడానికి ఇంకో నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టే తండ్రికి, ఇంటికి పోయి ఆ రోజు తన బిడ్డ ఏం మాట్లాడిందో అడగడానికి ఒక మాట దొరుకుతుంది.